చైర్మన్ హాజరు

వాన్‌జెన్ ఉద్యోగం ఏమిటో చెబితే చాలామందికి ఆవలింత వస్తుంది. చిన్నాచితకా కంపెనీలు సర్కారుకి పంపే కాగితాలు చదవడం ఆమె పని. ఫలానా తేదీన, ఫలానా చోట బోర్డు సమావేశం జరిగింది, ఫలానావాళ్లు వచ్చారు, అందరూ ఒప్పుకున్నారు, కింద సంతకాల బదులు ఎవరి పేరున్న ముద్ర వాళ్లది. అలాంటివి రోజుకి యాభై, అరవై. ముద్ర సగం పడినా, తేదీ ఒక్క రోజు తేడా వచ్చినా తిప్పి పంపేస్తుంది. నేను పనిచేసే అకౌంటెంటు ఆఫీసు నుంచి వెళ్లినవే ఇప్పటికి నాలుగు తిరిగొచ్చాయి. ఒకే గదిలో ఉండి చదువుకున్నాం కదా అన్న మొహమాటం కూడా లేదు మహాతల్లికి. ఒక్క కంపెనీ కాగితాలు మాత్రం చేత్తో ముట్టుకోదట. పక్క బల్ల మీద పెట్టమంటుందట. ఆ కంపెనీ ఏదో నాకు తెలుసు. దాని బోర్డు సమావేశం మినిట్స్ ఒకసారి నా చేత్తో నేనే రాశాను.

అప్పుడు మేం తైపేలో లా డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నాం. హాస్టల్లో నలుగురికి ఒక గది. వాన్‌జెన్ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. చట్టాల పుస్తకం ఇటుక మందాన ఉంటుంది, దాన్ని ఒళ్లో పెట్టుకుని సెక్షన్లు పైకి చదివేది. మనసులో చదువుకోవడం ఆ పిల్లకి చేతకాదు. క్రిమినల్ లా చదివినంతకాలం ఎవరం ఏమీ అనలేదు. హత్యలు, దొంగతనాలు, వినడానికి బాగానే ఉండేవి. కంపెనీ లా మొదలయ్యాక మా ప్రాణాలు తోడేసింది.

"డైరెక్టరు పదవీకాలం మూడేళ్లకి మించరాదు. తిరిగి ఎన్నుకోవచ్చును. డైరెక్టరు సమావేశానికి స్వయంగా హాజరు కావలెను..."

"ఒసే, నోరు మూసుకుని చదవ్వే. నీ డైరెక్టర్లు నా కలలోకి కూడా వస్తున్నారు," అని పై మంచం మీంచి నేను అరిచేదాన్ని.

"వస్తే కూర్చోబెట్టి టీ ఇవ్వు. పెద్దవాళ్లు," అనేది తల ఎత్తకుండా.

ఆమెది తూర్పు తీరంలో నాన్‌ఫాంగ్‌ఆవ్ రేవు. ఇంటి కింది భాగమే వర్క్‌షాపు. రాత్రిపూట స్క్విడ్ అనే పదికాళ్ల సముద్రజీవుల్ని పట్టే పడవలకి వరసగా కట్టే పెద్ద తెల్ల దీపాలు అక్కడ తయారవుతాయి. ఆ వెలుగు చూసి స్క్విడ్ పైకి తేలి వస్తాయి. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న తూ హాయ్‌షాన్ కొత్త దీపాలు ఎలా వెలుగుతున్నాయో చూడటానికి ఒక పడవలో వెళ్లాడు. తెల్లారి పడవ తిరిగొచ్చింది. పట్టపగలు దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, ఆయన లేడు. వెనకవైపు వైరు బిగిస్తూ కనబడ్డాడని, తర్వాత చూస్తే లేడని పడవవాళ్లు చెప్పారు. శవం దొరకలేదు. కర్మ చేయలేదు. ఇంట్లో పోయిన పెద్దల పేర్లు రాసే చెక్క మీద ఆయన పేరు ఎక్కలేదు.

ఈ సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. ఎవరైనా "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే వాన్‌జెన్ "ఇంకా రాలేదు" అనేది. పోయాడని ఎప్పుడూ అనలేదు. మొదట్లో నాకు నవ్వొచ్చింది, ఆఫీసు నుంచి రాలేదన్నట్టు చెబుతోందని. తర్వాత ఆ మాట వినబడితే సంగతి మార్చేసేదాన్ని.

కంపెనీ లా చెప్పే లాన్ సార్ బక్కపల్చటి మనిషి. గొంతు పెంచేవాడు కాదు, అందుకే అందరం వినేవాళ్లం. మొదటి క్లాసులో ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తు.

"కంపెనీ అంటే మనిషే. ఆస్తి ఉంటుంది, కోర్టుకెక్కుతుంది, మాట ఇస్తుంది. శరీరం ఒక్కటే ఉండదు. శరీరం లేదు కాబట్టి దానంతట అది చావదు. ఎవరో ఒకరు పూనుకుని కాగితాలు పెట్టి మూయాలి. ఎవరూ పూనుకోకపోతే, అందరూ పోయాక కూడా అది అలా ఉంటూనే ఉంటుంది."

మార్చిలో ఆయన ఒక హోంవర్క్ ఇచ్చాడు. మీ ఊళ్లో ఒక కంపెనీని ఎంచుకోండి, సర్కారు రిజిస్టరులో దాని వివరాలు వెతకండి, డైరెక్టర్లు ఎవరు, పదవీకాలం ఎప్పటిదాకా, ఒక పేజీ రాసుకు రండి. చాలా తేలికైన పని. కంపెనీ పేరు కొడితే ఎవరికైనా కనబడుతుంది. నేను మా వీధిలోని సోయా పాల కంపెనీ పేరు కొట్టి పావుగంటలో ముగించాను. వాన్‌జెన్ తన ఇంటి కంపెనీయే కొట్టింది. ఆ తర్వాత గదిలో చప్పుడు లేదు.

పైకి చదవని వాన్‌జెన్‌ని నేను అదే మొదటిసారి చూడటం. మంచం దిగి వెళ్లాను. తెరమీద మూడు పేర్లు ఉన్నాయి. ఒకటి వాళ్లమ్మది, ఒకటి వాళ్ల బాబాయిది. వాటికి పైన, చైర్మన్ అన్న గడిలో, తూ హాయ్‌షాన్. మూడేళ్ల క్రితం జూన్‌లో ఎన్నికయ్యాడు. పదవీకాలం ఈ జూన్‌తో ముగుస్తుంది.

"పాత రికార్డే. మార్చడం మర్చిపోయుంటారు," అన్నాను.

"మర్చిపోతే పాత తేదీ ఉండాలి కదే. నాన్న వెళ్లి పదకొండేళ్లయింది. ఇది మూడేళ్ల నాటి ఎన్నిక."

మర్నాడు క్లాసులో చెయ్యెత్తింది. "సార్, తప్పిపోయిన డైరెక్టరు సంగతేంటి?"

"కోర్టు చనిపోయాడని ప్రకటించేదాకా బతికున్నట్టే. బతికున్నవాడి కుర్చీ ఎక్కడికీ పోదు."

"మళ్లీ ఎన్నుకోవచ్చా?"

"ఎన్నుకోవచ్చు. ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు ముద్ర వేయాలి."

"ఎవరు వేస్తారు సార్?"

"అది నన్నడక్కు. క్రిమినల్ లా సార్‌ని అడుగు."

క్లాసంతా నవ్వింది. వాన్‌జెన్ కూడా నవ్వింది, ఒక క్షణం ఆలస్యంగా.

పుట్టినప్పుడే వాళ్ల నాన్న ఆమె పేర కొన్ని షేర్లు రాశాడు. వాటాదారు కాబట్టి కంపెనీ పెట్టిన కాగితాల నకళ్లు అడిగే హక్కుంది. దరఖాస్తు పెట్టింది. రెండు వారాలకి కవరు వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విప్పింది. ఆయన వెళ్లాక జరిగిన మూడు ఎన్నికలవి, మూడు మినిట్స్ ఉన్నాయి. అన్నీ వాళ్లమ్మ చేతిరాతే, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు.

*డైరెక్టర్లు ముగ్గురు. ముగ్గురూ హాజరు.*

అది చదివి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ కింద మామూలు విషయాలే. వర్క్‌షాపు కప్పు బాగుచేయించడం, కొత్త మెషిను, చైర్మన్ ఎన్నిక. కానీ ప్రతి విషయం దగ్గరా ఒక వాక్యం ఎక్కువుంది. అది ఏ చట్టంలోనూ లేదు, ఏ నమూనాలోనూ ఉండదు.

*చైర్మన్‌ని అడగడమైనది. చైర్మన్ అంగీకరించారు.*

*చైర్మన్ నవ్వారు. మళ్లీ అడగడమైనది. అంగీకరించారు.*

*చైర్మన్ రెండుసార్లు కాదన్నారు. టీ మార్చి మళ్లీ అడగడమైనది. అంగీకరించారు.*

బయట మధ్యాహ్నం ఎండ, కింద ఎవరో బాస్కెట్‌బాల్ ఆడుతున్న చప్పుడు. అయినా నేను లేచి గది తలుపు గడియ పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. పదకొండేళ్లుగా లేని మనిషి ఒక కాగితంలో కూర్చుని నవ్వుతున్నాడు.

వాన్‌జెన్‌కి మాత్రం భయం వేయలేదు. ఆమె మొహం చూసి నాకు ఇంకా భయం వేసింది. వెలిగిపోతోంది.

"యీరూ, నాన్న వస్తున్నాడే."

"ఏంటీ?"

"మీటింగుకి వస్తున్నాడు. మూడేళ్లకోసారి. ఏదో కారణం ఉండి దాక్కున్నాడు. అప్పులో, గొడవో, ఇంకో ఇల్లో, నాకనవసరం. వచ్చి కూర్చుని టీ బాలేదని మార్పించుకుని పోతున్నాడు. నాన్నకి టీ పలచగా ఉంటే నచ్చదు. అమ్మ నాకు చెప్పలేదంతే. చిన్నపిల్లని, వాగేస్తానని."

"మీ అమ్మకి ఫోన్ చేసి అడుగు."

"అడగను. అడిగితే ఈసారి రావద్దని ఆయనకి చెప్పేస్తుంది."

జూన్‌లో మళ్లీ చైర్మన్ ఎన్నిక ఉంది. ఆ రెండున్నర నెలలూ ఆ పిల్లని చూడాలి. కంపెనీ లా అంతా నోటికి వచ్చేసింది. బోర్డు సమావేశాల అధ్యాయం అయితే వెనక నుంచి ముందుకి కూడా చెప్పేది. భోజనాల దగ్గర హఠాత్తుగా ఆగిపోయేది. "ఆయన ముఖం నాకు సరిగ్గా గుర్తులేదే. చెవులు గుర్తున్నాయి. చేతుల మీద కాలిన మచ్చలు గుర్తున్నాయి. గుర్తుపట్టకపోతే ఎలా?" అనేది. గుర్తుపట్టకపోతే ఆయనే పడతాడులే అని నేను సర్దిచెప్పేదాన్ని. ఆమె నమ్మకం నాకూ కొంచెం అంటుకుంది, ఒప్పుకుంటాను. ఇరవయ్యేళ్ల వయసు, ఇద్దరం తెలివైనవాళ్లమనుకునే రోజులు.

జూన్‌లో పరీక్షలయ్యాయి. మీటింగు శనివారం ఉదయం పదింటికి. మినిట్స్ రాయడానికి ఒక చదువుకున్న పిల్లని తెస్తానని వాళ్లమ్మకి చెప్పి నన్ను లాక్కెళ్లింది. బస్సులో కిటికీ పక్క కూర్చుని, వాళ్ల నాన్నకి ఇష్టమైన వేరుశెనగ బిళ్లల పొట్లం ఒళ్లో పెట్టుకుంది. కొండ సొరంగం పొడుగునా, ఆ పావుగంటా, అద్దంలో తన మొహమే చూసుకుంటూ జుట్టు సర్దుకుంది. నాకు జాలేసింది.

రేవులో చేపల వాసన, మంచుగడ్డలు దంచే మోత. ఇంటి కింద వర్క్‌షాపులో బాబాయి దీపాలు పరీక్షిస్తున్నాడు. తెల్లటి వెలుగు తలుపు సందుల్లోంచి కోస్తున్నట్టుగా వస్తోంది. ఆ వెలుగు పడితే ఎవరి మొహమైనా రక్తం తోడేసినట్టు ఉంటుంది. వాళ్లమ్మ చిన్న మనిషి, చురుకైన చేతులు. మమ్మల్ని చూడగానే చేపముద్దల పులుసు గిన్నెలు పెట్టి తినమంది.

వాన్‌జెన్ స్పూను ముట్టుకోలేదు. "అమ్మా, నాన్న వచ్చాడా?"

వాళ్లమ్మ తడబడుతుందని, కొట్టిపారేస్తుందని, ఏడుస్తుందని అనుకున్నాను.

"ఇంకా ఎక్కడ? పదింటికి కదా మీటింగు," అంది ఆవిడ, గిన్నె తుడుస్తూ. "ఆ కెటిల్ ఇలా అందుకో."

వాన్‌జెన్ బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

పదికి పది నిమిషాలుండగా నలుగురం పై గదిలోకి వెళ్లాం. గోడవారన సముద్రం మీద వెళ్లేవాళ్లని కాపాడే మాజూ అమ్మవారి పీఠం, దాని కింద పెద్దల పేర్ల చెక్క. మధ్యలో బల్ల, నాలుగు కుర్చీలు. వాళ్లమ్మ ఒకవైపు, బాబాయి ఒకవైపు, మూలన కాగితాలతో నేను. నాలుగోది, తలవైపున్నది, ఖాళీ. దాని ముందు ఒక కప్పులో చిక్కటి టీ, జామకాయ ముక్కలు, ఒక సిగరెట్టు, చిన్న డబ్బాలో ఆయన పేరున్న ముద్ర. వాన్‌జెన్ కూర్చోలేదు. పొట్లం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది, మెట్లవైపు చూస్తూ.

పదయింది. మెట్ల మీద ఎవరూ రాలేదు. వాళ్లమ్మ లేచి, అమ్మవారికి దణ్ణం పెట్టి, పీఠం మీంచి రెండు ఎర్రటి చెక్కలు తీసుకుంది. నెలవంక ఆకారంలో ఉంటాయి అవి, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. గుళ్లో దేవుణ్ణి ఏదైనా అడిగి నేల మీద వేస్తే, ఒకటి చదునుగా ఒకటి ఉబ్బుగా పడితే అవునన్నట్టు. రెండూ ఉబ్బుగా పైకి ఉంటే కాదన్నట్టు. రెండూ చదునుగా పైకి ఉంటే నవ్వినట్టు, మళ్లీ అడగాలి. పాలు తాగే వయసు నుంచి చూస్తున్న చెక్కలు. ఆ మినిట్స్ చదివినప్పుడు లా చదివే ఇద్దరు ఆడపిల్లలకీ అవి తట్టలేదు చూడండి, అదీ మా తెలివి.

వాన్‌జెన్ చేతిలోంచి పొట్లం జారింది. బిళ్లలు నేలంతా దొర్లాయి.

"ఇదా? ఇదేనా నాన్న రావడమంటే?"

"అదేంటే అలా అంటావ్? అడిగితే జవాబొస్తోంది," అంది వాళ్లమ్మ.

"ఎక్కడినుంచి వస్తోంది?"

"ఎక్కడినుంచో నేనడగలేదు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ప్రతిసారీ చెబుతూనే ఉన్నానమ్మా, అన్నయ్య పేరు తీసేసి నీ పేరు పెడదామని. మీ అమ్మ వినదు. పేరు తీస్తే పోయినట్టే అంటుంది."

వాన్‌జెన్ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ పిల్లకి బాధ కలిగితే మొదట కోపం వస్తుంది, ఆ కోపానికి ఆ రోజు చేతిలో చట్టం ఉంది. వచ్చి బల్ల పక్కన నిలబడి, గదిలో సెక్షన్లు చదివే గొంతుతో మొదలెట్టింది.

"అయితే సక్రమంగా చేద్దాం. అమ్మా, ముందు హాజరు తీసుకోవాలి."

"హాజరా?"

"చైర్మన్ వచ్చారా లేదా అని అడగాలి. వచ్చినవాడే కదా ఒప్పుకునేది. మూడుసార్లు 'ముగ్గురూ హాజరు' అని రాశావ్. ఒక్కసారైనా అడిగావా?"

వాళ్లమ్మ చేతిలో చెక్కలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. "అడగలేదు," అంది. గొంతు బాగా తగ్గిపోయింది. "అది అడగడానికే భయమేసిందే. వచ్చాను అంటే ఏం చెయ్యను? బతికున్న మనిషి పిలిస్తే చెక్కల్లోకి ఎందుకొస్తాడు?"

నేను వాన్‌జెన్ చెయ్యి పట్టుకుని లాగాను. వదిలెయ్యవే అని సైగ చేశాను. విదిలించుకుంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోని ప్రశ్న అది, నాన్న ఉన్నాడా పోయాడా అని. ఆ పిల్లకి అది ఆ క్షణంలోనే తేలిపోవాలి. ఆమె మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

"అడుగమ్మా. చట్టం అది."

వాళ్లమ్మ కళ్లు మూసుకుని ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "హాయ్‌షాన్, మీటింగుకి వచ్చావా?" అని చెక్కలు వదిలింది.

రెండూ ఉబ్బుగా. కాదు.

మళ్లీ వేసింది. కాదు. మూడోసారి వేసేముందు చెక్కల్ని అరచేతుల్లో చాలాసేపు నొక్కి పట్టుకుంది. కాదు.

కింద వర్క్‌షాపులో దీపాలు ఆర్పలేదేమో, మెట్ల మీంచి ఆ తెల్ల వెలుగు పాకి వచ్చి కుర్చీ కాళ్లదాకా పడుతోంది. కప్పులో టీ ఇంకా ఆవిరి కక్కుతోంది. బాబాయి ఆ కుర్చీ వైపు చూడకుండా, తన కుర్చీని నెమ్మదిగా ఇటువైపు జరుపుకున్నాడు.

"మరి ఇన్నేళ్లూ ఒప్పుకుంది ఎవరు వదినా?"

చిన్నప్పటి నుంచి ఆ చెక్కలంటే నాకు భయం లేదు. ఎవర్ని అడిగితే వాళ్లే జవాబిస్తారని నమ్మకం. మనం పిలిచిన మనిషి రాకపోతే, ఆ మనిషి బదులు ఇంకెవరైనా వచ్చి కూర్చుని అవునంటారని, నవ్వుతారని, టీ మార్పించుకుంటారని ఎప్పుడూ అనుకోలేదు. ఆ గదిలో నాలుగో కుర్చీకి దగ్గరగా ఉన్నది నేనే. లేచి వెళ్లిపోదామనిపించింది. కాగితాలు ఒళ్లోకి లాక్కుని గోడవైపు జరిగాను.

కానీ వాళ్లమ్మ నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, నవ్వుతోంది.

"ఎవరైతే నాకెందుకు? రాలేదు, విన్నారా? ఆయన రాలేదు. పోయినవాళ్లయితే పిలవగానే వస్తారు. మీ నాన్నమ్మ ప్రతి పండక్కీ రావడం లేదూ, మొదటి పిలుపుకే. ఈయన రాలేదంటే ఎక్కడో ఉన్నాడు. బతికే ఉన్నాడు." నావైపు తిరిగింది. "రాయమ్మా. చైర్మన్ హాజరు కాలేదు అని రాయి. పెద్ద అక్షరాలతో రాయి."

రాశాను. ఆ కంపెనీ మినిట్స్‌లో పదకొండేళ్ల తర్వాత రాసిన మొదటి నిజం అదేనేమో. అది విని వాళ్లమ్మకి పండగలా ఉంది. వాన్‌జెన్ మొహంలో మాత్రం కోపం అంతా ఇంకిపోయింది. తను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి. ముగించాలని అడిగిన ప్రశ్న వాళ్లమ్మకి ఇంకో పదకొండేళ్లు ఎదురుచూసే బలం ఇచ్చేసింది.

"నువ్వే అడుగు ఇప్పుడు," అంది వాళ్లమ్మ, చెక్కలు కూతురి చేతిలో పెడుతూ. "ఇంటికొస్తావా నాన్నా అని అడుగు. నా చేతులు వణుకుతున్నాయి. మూడుసార్లు పడాలి, అప్పుడే ఖాయం. నేను చూడను. నువ్వు చూసి చెప్పు."

"అమ్మా, ఇది ఎజెండాలో లేదు."

"చెప్పింది చెయ్యవే."

ఆవిడ అమ్మవారి వైపు తిరిగి, చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుంది. వాన్‌జెన్ నేల మీద మోకాళ్లూనింది. బాబాయీ నేనూ వంగి చూశాం.

"నాన్నా, ఇంటికొస్తావా?"

చెక్కలు పడ్డాయి. రెండూ ఉబ్బుగా. కాదు. బాబాయి మొహం తిప్పుకున్నాడు.

"అవునన్నాడమ్మా," అంది వాన్‌జెన్.

ఎక్కడా తడబడలేదు. ముద్ర ఒక పక్కకి ఒరిగితేనే ఇప్పుడు కాగితం తిప్పి పంపే మనిషి, వాళ్లమ్మ వీపు వైపు చూస్తూ, మామూలు గొంతుతో చెప్పింది. చెక్కలు ఏరుకుంది. రెండోసారి వేసింది. మళ్లీ రెండూ ఉబ్బుగానే.

"అవునమ్మా. రెండు."

నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల మీద నాకున్న కోపమంతా పోయింది. ఇంకొక్కటే కదా, అదీ ఇలాగే చెప్పేస్తే అయిపోతుంది, కిందికెళ్లి పులుసు వేడిచేసుకు తింటాం అనుకున్నాను.

మూడోసారి చెక్కలు వదిలింది. ఒకటి వెంటనే నిలిచింది, ఉబ్బుగా. రెండోది గిరగిరా తిరిగి, ఆగి, మళ్లీ కొంచెం కదిలి, వెల్లకిలా పడింది. ఒకటి ఉబ్బు, ఒకటి చదును.

వాన్‌జెన్ చెక్కల మీదికి వంగింది.

"మూడోది?" అంది వాళ్లమ్మ, కళ్లు మూసుకునే.

వాన్‌జెన్ వాటివైపే చూస్తోంది. మొహం మీద ఆ తెల్ల వెలుగు పడుతోందో, లేక అదే పాలిపోయిందో చెప్పలేను. పెదవులు కదులుతున్నాయి. రెండుసార్లు అబద్ధం గడగడా చెప్పిన పిల్లకి, ఇప్పుడు ఉన్నదున్నట్టు ఒక్క ముక్క చెప్పడానికి గొంతు పెగలడం లేదు.

"వాన్‌జెన్? ఏమన్నాడే నాన్న?"

ఎవరో ఒకరు చెప్పాలి. "అవునన్నారు పిన్నీ," అన్నాను నేను. "వస్తారట."

ఆవిడ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బాబాయి వెళ్లి నీళ్లు తెచ్చాడు. చైర్మన్‌గా తూ హాయ్‌షాన్‌ని మళ్లీ ఎన్నుకున్నట్టు నేను రాశాను. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుని డబ్బాలోంచి ముద్ర తీసి వేసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. వాన్‌జెన్ మాత్రం నేల మీంచి లేవలేదు, ఆ చెక్కల్ని ఎత్తలేదు. తలుపు తెరిచే ఉంది. మెట్ల వైపు చూడకుండా ఉండటానికి ఆ పిల్ల తల గట్టిగా వంచుకుని, అడుగుల చప్పుడు వినబడకుండా రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది.